కొత్తగా సంఘం అధ్యక్షుడయ్యారా? మొదటి మూడు నెలలు ఇలా గడపండి

ఓట్ల లెక్కింపు అయిపోయి మీ పేరు చదివేటప్పటికి రాత్రి తొమ్మిది దాటుతుంది. మెడలో బంతిపూల దండ, భుజాన మూడు శాలువాలు, నెత్తిన గులాల్. బయట పటాకలు పేలుతుంటాయి. గడియారం సెంటర్‌లో కట్టడానికి ఫ్లెక్సీ కూడా ఎవరో అప్పటికే ఆర్డర్ ఇచ్చేసి ఉంటారు. ఆ ఊపులో మైకు చేతికిస్తే నోట్లోంచి ఏదో ఒక హామీ జారుతుంది. నా నోట్లోంచి "ఏడాదిలో సొంత భవనం" జారింది. సంఘం ఖాతాలో ఎంతుందో నాకప్పటికి తెలియదు. పదకొండు వేల చిల్లర ఉందని వారం తర్వాత తెలిసింది. ఆ భవనం ఎక్కడిదాకా వచ్చిందని ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురైనప్పుడు అడిగి నవ్వుతుంటారు.

నల్గొండలో ఇరవై ఏళ్లకు పైగా స్టూడియో నడుపుతున్నాను. ఫొటో, వీడియోగ్రాఫర్ల సంఘానికి రెండు దఫాలు అధ్యక్షుడిగా చేశాను. ఈ రాసేదంతా ఆ అనుభవంలోంచి వచ్చిందే. అయినా మీది ఇంజినీర్ల సంఘమైనా, డాక్యుమెంట్ రైటర్లదైనా, మెడికల్ షాపులవాళ్లదైనా ముప్పాతిక వంతు పనికొస్తుంది. పాలమూరులో, వనపర్తిలో ఇలాంటి సంఘాలు నడిపే మిత్రులతో మాట్లాడితే వాళ్ల కథలూ మా కథలూ ఒకటే.

నా లెక్క ఒక్కటే: మూడు నెలల దాకా కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దు. ఉన్నదాన్ని ముందు చేతికి తీసుకోవాలి. చెప్పినంత తేలికేం కాదు.

గెలిచిన రాత్రి

మైకులో థాంక్స్ చెప్పండి, ఎన్నికల అధికారిగా కూర్చున్న పెద్దమనిషికి దండం పెట్టండి, పోటీ చేసినాయన పేరు గౌరవంగా పలకండి, దిగిపోండి. భవనం, ఇళ్ల స్థలాలు, హెల్త్ కార్డులు, ఏ మాటా ఎత్తొద్దు. సభ్యులు మరిచిపోతారనుకోకండి, ఆ వీడియో తీసేది మన ఫొటోగ్రాఫర్లే. ఫుటేజీ భద్రంగా ఉంటుంది.

చార్జ్ తీసుకోవడం

ప్రమాణ స్వీకారం రోజు పాత అధ్యక్షుడు మినిట్స్ బుక్కు (మీటింగుల్లో ఏం జరిగిందో రాసే పుస్తకం) మీ చేతిలో పెడతాడు, ఫొటో దిగుతారు. దాన్నే చార్జ్ అనుకుంటారు చాలామంది. అసలు చార్జ్ బీరువా తెరిచినప్పుడు మొదలవుతుంది.

మా బీరువా రామగిరిలో పాత కోశాధికారి స్టూడియో వెనక గదిలో, బ్యాక్‌డ్రాప్ కర్టెన్ల చాటున ఉండేది. తాళంచెవి ఆయన దగ్గర, ఆయనేమో పెళ్లి ఆర్డర్ మీద ఊళ్లో లేడు. నాలుగు రోజులు తిరిగాక తెరిచాం. ఎప్పటివో క్యాలెండర్లు, ఎండిపోయిన స్టాంప్ ప్యాడ్, పేరు అరిగిపోయిన రబ్బరు స్టాంపు, ఎవరికో ఇవ్వాలని చేయించి ఇవ్వని మెమెంటోలు నాలుగు, సగం సగం వాడిన రసీదు బుక్కులు ఆరు. నేల మీద కూర్చుని బుక్కుల నంబర్లు వరసగా పేర్చితే 301 నుంచి 350 దాకా ఉండాల్సిన బుక్కు కనిపించలేదు. ఎవరి దగ్గర ఉందో ఎవరికీ గుర్తు లేదు. "ఉంటదిలే అన్నా, యాడికి పోతది" అన్నారు. రెండు నెలల తర్వాత ఒక సభ్యుడు 317 నంబరు రసీదు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. సభ్యత్వం కింద అయిదు వందలు కట్టాడు. బుక్కు మా దగ్గర లేదు గానీ దాని మీద స్టాంపు మాదే, సంతకం మా పాత కార్యదర్శిదే. ఏం చేస్తాం? కట్టినట్టే రాసుకున్నాం. అది సరైన పనే, ఎందుకంటే తప్పు ఆ సభ్యుడిది కాదు.

కాబట్టి బీరువా తెరిచే రోజు పాత కార్యదర్శి, పాత కోశాధికారి, మీ వాళ్లిద్దరు అక్కడే ఉండాలి. ఒక తెల్ల కాగితం తీసుకుని కనిపించిన ప్రతిదీ రాయండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒరిజినలా జిరాక్సా, బైలా (సంఘం నియమావళి), మినిట్స్ బుక్కులు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, సభ్యుల రిజిస్టర్, రసీదు బుక్కులు ఏ నంబరు నుంచి ఏ నంబరు, వోచర్లు, పాస్‌బుక్కులో చివరి నిల్వ, చెక్‌బుక్కులో మిగిలిన ఆకులు, ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితాలు, పాన్ కార్డు, స్టాంపు, కుర్చీలు, మైక్ సెట్. లేనివి కూడా రాయండి. "301–350 రసీదు బుక్కు లేదు" అన్న ఒక్క లైను ఆ రోజే రాసి నలుగురం సంతకం పెట్టి ఉంటే, నాకు తర్వాత అంత తలనొప్పి ఉండేది కాదు.

ఈ జాబితా అడిగితే పాతవాళ్లకు రోషం వస్తుంది. "మమ్మల్ని దొంగల్లెక్క చూస్తున్నవా?" అంటారు. నేను అనే మాట ఇది: "అన్నా, రేపు నేను దిగిపోయేనాడు నన్ను గూడ ఎవరూ ఏమనొద్దని రాసుకుంటున్న." ఆ మాటతో చాలామంది చల్లబడతారు. చల్లబడకపోతే మూడో మనిషిని, ఇద్దరికీ గౌరవమున్న సీనియర్‌ని, పక్కన కూర్చోబెట్టండి.

బీరువాలో కనిపించనివి కూడా ఉంటాయి ఈ రోజుల్లో. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఎవరు? ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? బ్యాంకు ఖాతాకు లింకైన ఫోన్ నంబరు ఎవరిది? మా ఖాతాకు లింకైన నంబరు మూడు కమిటీల కిందటి కోశాధికారిది. ఓటీపీ కావాల్సినప్పుడల్లా ఆయనకు ఫోన్ చేసేవాళ్లం. పాపం ఆయన కరెంటు పోయినా, నిద్రలో ఉన్నా చెప్పేవాడు.

రిజిస్ట్రార్ ఆఫీసు, బ్యాంకు

మన సంఘాలు ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, అంటే 35వ చట్టం కింద, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదైనవి. ఏడుగురు కలిస్తే రిజిస్టర్ అవుతుంది, అందుకే ఊరికి నాలుగు సంఘాలున్నాయి. రిజిస్టర్ చేయించినంత శ్రద్ధ తర్వాత ఎవరికీ ఉండదు. ఏటా జనరల్ బాడీ (సభ్యులందరి మీటింగ్) అయిన 15 రోజుల్లోగా కొత్త కమిటీ పేర్లు, చిరునామాలు, వృత్తులు రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. చాలా సంఘాల్లో వరసగా కొన్నేళ్లు ఆ ఊసే ఉండదు. రికార్డుల్లో ఎప్పుడో చనిపోయిన మనిషే ఇంకా ప్రధాన కార్యదర్శి. సగం కాగితాలు పట్టుకుని తిరగడం కంటే పెండింగ్ జాబితాలన్నీ సిద్ధం చేసుకుని ఒకేసారి వెళ్లండి. ఇది బద్ధకించారో, రేపు ఏదైనా తగాదా జిల్లా కోర్టుకెక్కినప్పుడు (సభ్యుల తగాదాలు అక్కడికి వెళ్లొచ్చని ఆ చట్టమే చెబుతుంది) మీరు అసలు అధ్యక్షుడేనా అన్న దగ్గరే ఆగిపోతారు.

అక్కడ పని కాగానే బ్యాంకు. సంతకాలు మార్చాలని కమిటీ చేసిన తీర్మానం నకలు, కొత్తవాళ్ల ఆధార్, పాన్, ఫొటోలు. ఫొటోలకైతే మనకు కొదవ లేదు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే చెక్కు చెల్లేలా, అందులో ఒకటి కోశాధికారిది తప్పనిసరి అయ్యేలా తీర్మానం రాయించండి. మీ ఒక్కరి సంతకంతో నడిచే ఖాతా మీకే ప్రమాదం.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను. చందాలు కోశాధికారి సొంత ఫోన్‌పేకి కొట్టించుకోవద్దు. ఆయన మంచివాడే, ఒప్పుకుంటాను. కానీ ఆయన పాల బిల్లూ, పిల్లల ఫీజులూ, సంఘం చందాలూ ఒకే స్టేట్‌మెంట్‌లో కలిసిపోయాక విడదీయడం దేవుడి తరం కూడా కాదు. సంఘం ఖాతాకే క్యూఆర్ కోడ్ తీసుకుని ప్రింట్ కొట్టి గ్రూపులో పెట్టండి. నగదు ఇచ్చినవాళ్లకు అక్కడికక్కడే రసీదు ఇవ్వండి.

బైలా చదవడం

ఎవరూ చదవరు. మీరు చదవండి, ఒక రాత్రి పని. కోరం (మీటింగ్ చెల్లడానికి కనీసం ఎంతమంది రావాలి) ఎంత, నోటీసు ఎన్ని రోజుల ముందు, పదవీకాలం ఎంత, సభ్యుడంటే ఎవరు, సంఘం పరిధి ఎక్కడిదాకా. ఈ చివరిది మన దగ్గర పెద్ద చిక్కు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయి, 59 మండలాల ఉమ్మడి నల్గొండ మూడు జిల్లాలైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. 64 మండలాల ఉమ్మడి మహబూబ్‌నగర్ నాలుగుగా చీలి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేటతో అయిదైంది. బైలా మాత్రం ఇప్పటికీ "నల్గొండ జిల్లా" అనే అంటుంది. కోదాడ సభ్యుడికి మన ఎన్నికలో ఓటుందా? సూర్యాపేటలో వేరే సంఘం పెట్టుకున్నాక మన వెల్ఫేర్ ఫండ్‌లో ఆయన కట్టిన డబ్బు సంగతేంటి? ఈ ప్రశ్నలకు మొదటి మూడు నెలల్లో జవాబు చెప్పనక్కర్లేదు. ప్రశ్న ఉందని మీకు తెలిసి ఉంటే చాలు. బైలా సవరణ మొదటి ఏడాది ముట్టుకోకండి. కొత్త అధ్యక్షుడు రాగానే బైలా మారుస్తానంటే, పదవీకాలం పెంచుకోవడానికే అనుకుంటారు జనం.

ఓడిన ఆయన ఇంటికి

అన్నిటికంటే కష్టమైన అడుగు ఇదే. చేస్తే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేదీ ఇదే. వారం తిరక్కముందే, ఫోన్ చేసి, ఒక్కరే వెళ్లండి. వెంట నలుగురిని తీసుకెళ్తే గెలుపు ఊరేగింపు అనుకుంటారు. శాలువా పట్టుకెళ్లొద్దు. అరటిపళ్లు చాలు.

నేను వెళ్లినప్పుడు ఆయన తలుపు తీస్తూనే, "రా అన్నా, ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అన్నాడు. లోపల టీవీలో ఏదో సీరియల్. వాళ్లింటావిడ చాయ్ ఇచ్చి వెళ్లింది. పది నిమిషాలు టీవీయే చూశాం ఇద్దరం. ఓట్ల సంగతి నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు. చాయ్ అయిపోయాక లేచి, లోపలికెళ్లి, ఒక పాలిథిన్ కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"హాలియా పిల్లగాని ఫైలు. నాలుగు నెలల సంది నా కాడనే ఉంది. ఇది ముందుగాల చూడు అన్నా. నాకోసం గాదు."

డెత్ సర్టిఫికెట్ జిరాక్సు, రెండు ఆధార్ జిరాక్సులు, చేత్తో రాసిన రెండు అర్జీలు. రాత్రి పెళ్లి ఆర్డర్ ముగించుకుని బైకు మీద తిరిగొస్తూ రోడ్డు ప్రమాదంలో పోయిన కెమెరామన్. వెల్ఫేర్ ఫండ్ నుంచి రావాల్సిన సాయం రాలేదు. పాత కమిటీ దాన్ని ఎందుకు ఆపిందో, ఆ ఫైలు ఈయన దగ్గరికెందుకు వచ్చిందో మినిట్స్‌లో ఎక్కడా లేదు. ఆ చాయ్ తాగకపోతే ఆ సంగతి నా దాకా వచ్చేదే కాదు.

ఓడినవాళ్లకు "గౌరవ సలహాదారు" లాంటి బిరుదులు ఇవ్వకండి, అది చెంపదెబ్బతో సమానం. పని ఇవ్వండి. ఆయనకు నేను వెల్ఫేర్ సబ్ కమిటీ అప్పగించాను. మా ప్యానెల్‌లో ఇద్దరు అలిగారు. అలగనీ అనుకున్నాను. వాళ్లు మనవాళ్లే కాబట్టి నెల రోజుల్లో మామూలయ్యారు.

ఆ ఫైలు ఎందుకు ఆగిందంటే

రెండు అర్జీల్లో ఒకటి భార్యది, ఒకటి తల్లిది. సభ్యుల రిజిస్టర్ తీస్తే నామినీ గడి ఖాళీ. ఎవరికి ఇవ్వాలో తేలక, ఎవరికీ ఇవ్వకుండా కూర్చున్నారు. మేం ఇద్దరినీ హాలియాలోనే కూర్చోబెట్టి, వాళ్ల ఊరి పెద్దమనుషుల ముందు మాట్లాడి, ఇద్దరి ఒప్పుదల సంతకాలతో సగం సగం ఇచ్చాం. ఇద్దరూ ఒప్పుకోవడం మా అదృష్టం. ఒప్పుకోకపోతే ఇంకో ఏడాది నలిగేది.

అందుకే సభ్యుల రిజిస్టర్ మళ్లీ రాయించండి. ఫోన్‌లో కాదు, మనుషుల దగ్గరికెళ్లి. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్, చండూరు, హాలియా అంటూ వారానికో చోట, ఒక సీనియర్ సభ్యుడి స్టూడియోలో సాయంత్రం రెండు గంటలు కూర్చోండి. పేరు, చిరునామా, ఫోన్, బ్లడ్ గ్రూపు, సభ్యత్వం చివరిగా కట్టిన రసీదు నంబరు, నామినీ పేరు, బంధుత్వం, సంతకం. నామినీ గడి నింపకుండా రిజిస్టర్ మూయొద్దు. "ఎందుకన్నా ఇప్పుడే చావు మాట" అని కసురుకుంటారు, నింపించండి.

ఈ తిరుగుడులో మీకు మూడు సంగతులు తెలుస్తాయి. జాబితాలో చనిపోయినవాళ్లు, దుకాణం మూసి హైదరాబాద్ వెళ్లిపోయినవాళ్లు బోలెడంత మంది ఉంటారు. నిజంగా పని చేస్తున్న ఫ్రీలాన్స్ కెమెరామన్లు, ఎడిటింగ్ కుర్రాళ్లు, ఆల్బమ్ డిజైనర్లు జాబితాలో ఉండరు, ఎందుకంటే బైలా రాసిన కాలంలో స్టూడియో ఉన్నవాడే ఫొటోగ్రాఫర్. మూడోది, దేవరకొండ సభ్యుడి ఫిర్యాదు: "మీటింగ్ అంటే నల్గొండ, భోజనం అంటే నల్గొండ. మేమొచ్చేది ఓట్లప్పుడే గదా." ఆ మాట విన్నాక నేను ఈసీ (కార్యవర్గం) మీటింగుల్లో మూడోవంతు జిల్లా కేంద్రం బయట పెట్టించాను.

వెల్ఫేర్ ఫండ్ మీద ఒక్క మాట. మా లాంటి చిన్న సంఘాల ఫండ్ పెద్ద దెబ్బకు ఆగదు. అందుకని ప్రతి సభ్యుడి సేవింగ్స్ ఖాతాకు కేంద్రం బీమాలు రెండూ కట్టించే బాధ్యత తీసుకోండి. ప్రమాద బీమా (సురక్షా బీమా యోజన) ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. జీవన్ జ్యోతి అనే జీవిత బీమా 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే వర్తిస్తుంది. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి. ప్రీమియం ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది, అప్పుడు ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ పోయినట్టే. మే నెల మూడో వారంలో గ్రూపులో ఒక మెసేజ్, ఫోన్ చూసుకోనివాళ్లకు ఒక కాల్. రాత్రుళ్లు ఊళ్లు పట్టుకుని తిరిగే మన వృత్తిలో, అధ్యక్షుడు చేయగల పనుల్లో ఇంత చవకైంది ఇంకోటి లేదు.

మీటింగ్ ఎప్పుడు పెట్టాలి

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణాల్లో పెట్టిన జనరల్ బాడీకి కోరం రాదు, వస్తే నన్నడగండి. మనవాళ్లంతా మండపాల్లో ఉంటారు. ఆషాఢంలో పెట్టుకోండి, లేదా మూఢాలు వచ్చినప్పుడు. అప్పుడు కెమెరాలన్నీ బ్యాగుల్లో, మనుషులంతా ఖాళీ. ఆ ఏడాది ఆషాఢంలోనే మొహర్రం కూడా వస్తే ముస్లిం సభ్యులను అడిగి, పదో రోజు తప్పించి తేదీ వేయండి. రంజాన్ నెలలో సాయంత్రం మీటింగ్ పెట్టి, ఇఫ్తార్ వేళకు ఎజెండా సగంలో ఉంటే ఎంత ఇబ్బందో ఒకసారి చూశాను. చెర్వుగట్టు జాతర రోజుల్లో నార్కట్‌పల్లి వైపు వాళ్లు రారు, పాలమూరులోనైతే కురుమూర్తి జాతర అంతే. ఇవేవీ బైలాలో ఉండవు. పంచాంగం చూసే కార్యదర్శి దొరికితే వదలొద్దు.

నోటీసులో పది గంటలకని రాసి పదకొండున్నరకు మొదలుపెట్టే అలవాటు మీ నుంచే ఆగాలి. మొదటిసారి పది గంటలకు పన్నెండు మందితో మొదలుపెట్టాను. కోరం నిండేదాకా తీర్మానాలు చేయలేదు గానీ, లెక్కలు చదవడం మొదలుపెట్టేశాను. తర్వాతి మీటింగ్‌కు పదింబావుకల్లా నలభై మంది కూర్చున్నారు. లెక్కలు తమ చెవిన పడకుండా అయిపోతాయేమోనని భయం.

మినిట్స్ అక్కడే రాయించండి. "చర్చించడమైనది, తీర్మానించడమైనది" అని రాసి వదిలేయకుండా ఎంత డబ్బు, ఎవరు, ఏ తేదీలోపు అని రాయాలి.

రేట్ల గొడవ

మీరు కుర్చీలో కూర్చున్న పదో రోజున ఎవరో ఒకరు తెస్తారు: "అన్నా, కొత్త పిల్లలు సగం రేటుకే పెళ్లిళ్లు చేస్తున్నరు. సంఘం రేట్ కార్డు వేయాలె. తక్కువకు చేసినోనికి ఫైన్ వేయాలె." వినడానికి న్యాయంగానే ఉంటుంది. చేయొద్దు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం సంఘం కూడబలుక్కుని ధర నిర్ణయించడం, తక్కువకు చేసినవాళ్లను బహిష్కరించడం, బయటి ఊరి టీములను రానివ్వకుండా అడ్డుకోవడం చిక్కుల్లో పడేసే పనులే. ఇలాంటి కేసుల్లో వ్యాపార సంఘాల మీదే కాక, పదవుల్లో ఉన్నవాళ్ల మీద కూడా జరిమానాలు పడ్డాయి. మినిట్స్ బుక్కులో రేట్ కార్డు తీర్మానం రాసి సంతకం పెట్టారంటే, మీకు వ్యతిరేకంగా సాక్ష్యం మీరే తయారుచేసి పెట్టినట్టు.

మరి ఆ సభ్యుడి బాధకు మందేమిటి? రేటు ఎవరిది వాళ్లు పెట్టుకుంటారు, షరతులు మాత్రం కాగితం మీదికి రావాలి. మేం ఒక పేజీ ఒప్పంద పత్రం తెలుగులో తయారుచేసి, కావాల్సినవాళ్లు వాడుకోండని అందరికీ ఇచ్చాం. అడ్వాన్స్ ఎంత, పెళ్లి వాయిదా పడితే ఏంటి, ఆల్బమ్ ఎన్ని పేజీలు, ఎన్ని రోజుల్లో, బాకీ ఎప్పుడు. గొడవలు సగం తగ్గాయి, ఎందుకంటే సగం గొడవలు రేటుతో కాదు, "నువ్వన్నావు, నేననలేదు"తో వచ్చేవి.

అందులో ఒక లైను తప్పకుండా పెట్టండి. డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటో మీద కాపీరైట్, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అలాగే చెబుతుంది. మన పిల్లలు పెళ్లికూతురి రీల్ ఇన్‌స్టాలో పెట్టేసి, ఆ ఇంటివాళ్లు కొట్లాటకు వచ్చాక సంఘానికి ఫోన్ చేస్తారు. "ఫొటోలు మా ప్రచారానికి వాడుకోవచ్చు" అన్న చోట సంతకం ఉంటే ఫోన్ రాదు.

డ్రోన్ల సంగతీ అంతే. 2021 నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్ నమోదై ఉండాలి, డబ్బు తీసుకుని ఎగరేసేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పానగల్ గుళ్ల దగ్గరో, సాగర్ దగ్గరో ప్రీవెడ్డింగ్ షూట్‌లో పోలీసులు ఆపితే, మీరు వచ్చి విడిపించాలంటారు. ముందే చెప్పి ఉంచండి: కాగితాలున్నవాడి కోసం అర్ధరాత్రయినా వస్తాను, లేనివాడి కోసం రాలేను. ఒకరిద్దరికి అలా చెప్పి చెడ్డవాణ్నయ్యాను. ఏం ఫరవాలేదు.

సన్మానాలు, వినతిపత్రాలు

ఎమ్మెల్యేను కలవాలంటారు, కలవండి. శాలువా కప్పండి. సంఘం లెటర్‌హెడ్ మీద ఏ పార్టీకీ మద్దతు రాయకండి. కలెక్టరేట్‌లో పని ఉంటే సోమవారం ప్రజావాణిలో వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి, ఆ రసీదు ఫైల్లో పెట్టండి. ఆగస్టు 19 ఫొటోగ్రఫీ దినోత్సవానికి ఫ్లెక్సీల ఖర్చు తగ్గించి రక్తదాన శిబిరం పెట్టండి. రిజిస్టర్‌లో బ్లడ్ గ్రూపు గడి అప్పుడు పనికొస్తుంది.

ఇంట్లో కూడా ఒక మాట చెప్పి ఉంచండి. సంఘం ఫోన్ రాత్రి పది తర్వాత మోగితే ఎత్తేది రెండు కారణాలకే, ప్రమాదం లేదా చావు. నేను ఆ గీత గీసుకునేటప్పటికి ఏడాది పట్టింది, ఆ ఏడాది నా స్టూడియోకు మూడు పెళ్లి ఆర్డర్లు పోయాయి.

మూడో నెల

జనరల్ బాడీ పెట్టండి. ఒకే ఒక్క కాగితం జిరాక్సు తీసి అందరికీ పంచండి. చార్జ్ తీసుకున్న రోజు ఖాతాలో ఎంత, మూడు నెలల్లో వచ్చింది ఎంత, పోయింది ఎంత, ఏది ఇంకా తేలలేదు. తప్పిపోయిన రసీదు బుక్కు సంగతి కూడా అందులోనే ఉండాలి. కొత్త పనులేమిటో అప్పుడు వాళ్లనే చెప్పమనండి.

మా మీటింగ్‌లో ఆ కాగితం పంచాక అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. వెనక వరసలో గుర్రంపోడు నుంచి వచ్చిన పెద్దాయన, ఫిల్మ్ రోళ్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్న మనిషి, కళ్లజోడు పైకి జరుపుకుని లేచాడు. "అధ్యక్షా, రెండో లైన్ల చాయ్ బిల్లు మూడొందల నలభై రాసినవ్. హాలియా పోయిన్నాడు నలుగురే గదా పోయింది?"

ఏడుగురం వెళ్లామని చెప్పి, కోశాధికారి వోచర్ తీసి చూపించాడు. పెద్దాయన దగ్గరికొచ్చి వోచర్ వెనక్కి ముందుకి తిప్పి చూసి, సరేనన్నాడు. లెక్కల కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లి కూర్చున్నాడు. వచ్చే ఏడాది దాన్నే తెచ్చి కొత్త లెక్కల పక్కన పెట్టి చూస్తాడు. ఆ వోచర్లు పారేయకండి.